పాయింట్లకీ వ్యాలిడిటీ ఉంటుంది!

2024లో టెన్నిస్ ఎలా సాగిందని ఎవరినైనా అడగండి. నాలుగు ముక్కల్లో చెప్పేస్తారు. ఆస్ట్రేలియన్ ఓపెన్, యూఎస్ ఓపెన్ సిన్నర్‌కి. ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ అల్కరాజ్‌కి. ఒలింపిక్ గోల్డ్ జకోవిచ్‌కి. నవంబర్‌లో మలగాలో నాదల్ ఆటకి సెలవు చెప్పాడు. ఏడాది అయిపోయింది. మన ఫోన్లలో రీల్స్ కూడా ఈ నలుగురి చుట్టూనే తిరిగాయి.

నాకు మాత్రం ఆ ఏడాది ఇంకో మనిషితో గుర్తుండిపోయింది. ఒక్క గ్రాండ్‌స్లామ్‌లో కూడా మూడో రౌండ్ చూడలేదతను. పేరు సుమిత్ నాగల్. హర్యానాలోని ఝజ్జర్ జిల్లా కుర్రాడు, స్కూల్ టీచర్ కొడుకు. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో ఒక ఏడాది అంటే అసలు ఏంటో తెలియాలంటే సిన్నర్ ఏడాది కన్నా నాగల్ ఏడాదే బాగా చెబుతుంది. ఎందుకంటే ర్యాకెట్ పట్టినవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందివి నాగల్ లాంటి బతుకులే, లేదా ఇంకా కింద.

900 యూరోలు

కథ 2023 సెప్టెంబర్‌లో మొదలవుతుంది. అప్పటికి సింగిల్స్‌లో ఇండియా నంబర్ వన్ నాగలే. ఒక ఇంటర్వ్యూలో తన బ్యాంకు ఖాతా గురించి చెప్పాడు. అందులో ఉన్నది 900 యూరోలు. మన డబ్బుల్లో 80 వేల చిల్లర. ఏడాది మొదట్లో ఎంత ఉందో, తొమ్మిది నెలలు ఆడాక కూడా అంతే.

ఆడలేదా అంటే, 24 టోర్నీలు ఆడాడు. రోమ్‌లో, ఫిన్లాండ్‌లోని టాంపెరెలో చాలెంజర్ టైటిళ్లు కూడా కొట్టాడు. వచ్చిన ప్రైజ్ మనీ సుమారు 65 లక్షలు. వినగానే "అబ్బో" అనిపిస్తుంది కదా? ఇప్పుడు ఖర్చు చూడండి. ఒక్క కోచ్‌ని వెంటబెట్టుకుని, ఫిజియో లేకుండా తిరిగినా ఏడాదికి 80 లక్షల నుంచి కోటి దాకా అవుతుందన్నాడు. జర్మనీలో తను ప్రాక్టీస్ చేసే అకాడమీకి కట్టడానికి డబ్బుల్లేక ఆ ఏడాది మొదటి మూడు నెలలు అక్కడికే వెళ్లలేకపోయాడు. ఇండియన్ ఆయిల్ ఉద్యోగం జీతం, మహా టెన్నిస్ ఫౌండేషన్ సాయం, ప్రైజ్ మనీ, అన్నీ కలిపి మళ్లీ ఆటలోనే పోశాడు.

మన కౌలు రైతు లెక్క సరిగ్గా ఇలాగే ఉంటుంది. పెట్టుబడి ముందు, పంట తర్వాత. పంట రాకపోయినా కౌలు కట్టాల్సిందే. టెన్నిస్ ప్లేయర్‌కి నెల జీతం ఉండదు, టీమ్ బస్సు ఉండదు. తన టికెట్, కోచ్ టికెట్, కోచ్ జీతం, ర్యాకెట్‌కి తీగలు బిగించే ఖర్చు, అన్నీ జేబులోంచే. గెలిచిన డబ్బులోంచి చాలాచోట్ల ఆ దేశం వాళ్లు పన్ను ముందే కోసుకుని ఇస్తారు.

ఐపీఎల్‌తో పోల్చి చూడండి. 2024 సీజన్‌కి వేలంలో కొత్త కుర్రాడి కనీస ధర 20 లక్షలు. ఎవరైనా కొన్నాక రెండు నెలలు బెంచీ మీద కూర్చున్నా ఆ డబ్బు వస్తుంది. హోటల్, విమానం, ఫిజియో ఫ్రాంచైజీవే. టెన్నిస్‌లో బెంచీ అంటే గేమ్‌కీ గేమ్‌కీ మధ్య మంచినీళ్లు తాగే కుర్చీ. అంతే. రెక్కాడితే గానీ డొక్కాడదు.

మెల్‌బోర్న్ జనవరి

2024 జనవరి. నాగల్ ర్యాంక్ 137. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో 128 మంది ఉంటారు. అందులో 104 మందికి ర్యాంకును బట్టి నేరుగా చోటు. 8 మందికి వైల్డ్‌కార్డులు. మిగిలిన 16 చోట్ల కోసం క్వాలిఫయింగ్‌లో 128 మంది కొట్టుకోవాలి. వరసగా మూడు మ్యాచ్‌లు గెలిస్తే లోపలికి.

నాగల్ మూడూ గెలిచి లోపలికొచ్చాడు. మొదటి రౌండ్‌లో 31వ సీడ్ అలెగ్జాండర్ బుబ్లిక్. 6-4, 6-2, 7-6. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఒక భారతీయుడు సీడెడ్ ప్లేయర్‌ని ఓడించి అప్పటికి 35 ఏళ్లు. 1989లో అదే మెల్‌బోర్న్‌లో రమేశ్ కృష్ణన్ మాట్స్ విలాండర్‌ని ఓడించాడు. మళ్లీ ఇదే.

రెండో రౌండ్‌లో చైనా కుర్రాడు షాంగ్ జున్‌చెంగ్ చేతిలో మొదటి సెట్ గెలిచి కూడా ఓడిపోయాడు. చేతికొచ్చింది 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. సుమారు 98 లక్షలు. 24 టోర్నీలు తిరిగినా రానిది ఒక్క టోర్నీలో వచ్చింది! నాలుగు నెలల కింద 900 యూరోలు ఉన్న ఖాతా అది.

ఓడినా 66 లక్షలు

అసలు మెలిక ఇక్కడుంది. ఫిబ్రవరిలో నాగల్ చెన్నై ఓపెన్ చాలెంజర్ గెలిచాడు. వారమంతా ఒక్క సెట్ కూడా ఇవ్వలేదు. దాంతో 98వ ర్యాంకుకి వచ్చి మొదటిసారి టాప్ 100లో అడుగుపెట్టాడు. ఆ టైటిల్‌కి వచ్చిన డబ్బు సుమారు 18 వేల డాలర్లు, అంటే 15 లక్షలు.

మేలో ఫ్రెంచ్ ఓపెన్‌లో మొదటి రౌండ్‌లోనే కరెన్ ఖచనోవ్ చేతిలో వరస సెట్లలో ఓడిపోయాడు. వచ్చింది 73 వేల యూరోలు, దాదాపు 66 లక్షలు. వింబుల్డన్‌లోనూ మొదటి రౌండే, కెచ్‌మనోవిచ్ చేతిలో: 60 వేల పౌండ్లు. యూఎస్ ఓపెన్‌లోనూ మొదటి రౌండే, గ్రీక్‌స్పూర్ చేతిలో: లక్ష డాలర్లు.

చెన్నైలో వారమంతా గెలిస్తే 15 లక్షలు. పారిస్‌లో ఒక పూట ఓడితే 66 లక్షలు. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు కలిపితే పన్నులు పోకముందు మూడు కోట్ల పైమాట.

ఆ మూడు ఓటములకీ మన కామెంట్ బాక్సుల్లో ఏం రాశారో గుర్తుందా? "మళ్లీ ఫస్ట్ రౌండేనా", "టూరిస్ట్", "వేస్ట్". కానీ ఆ ఫస్ట్ రౌండ్ టికెట్టే ఈ వృత్తిలో జీతం. కోచ్‌ని ఇంకో ఏడాది ఉంచుకోవడానికి, ఫిజియోని పెట్టుకోవడానికి, నడుం నొప్పి వస్తే ఒక వారం ఆగడానికి ధైర్యం ఇచ్చేది ఆ చెక్కే. ర్యాంక్ 100 అనేది పేరుకే అంకె. దానికి ఇటువైపు బతుకుదెరువు, అటువైపు అప్పు.

మరి ఆ గీతకి అటూఇటూ ఉన్నవాళ్ల ఆటలో తేడా ఎంత? చెన్నై ఫైనల్లో నాగల్ ఓడించింది లూకా నార్డి అనే ఇటలీ కుర్రాణ్ని, 6-1, 6-4తో. అదే నార్డి నెల తిరిగేసరికి ఇండియన్ వెల్స్‌లో జకోవిచ్‌ని ఓడించాడు. అది కూడా క్వాలిఫయింగ్‌లో ఓడి, ఎవరో తప్పుకుంటే 'లక్కీ లూజర్'గా లోపలికొచ్చి! అదే టోర్నీలో నాగల్ కూడా లక్కీ లూజరే. నాదల్ తప్పుకుంటే ఆ చోటు దొరికింది. నాగల్ మాత్రం రావోనిచ్ చేతిలో ఓడిపోయాడు. అంత సన్నం ఈ గీత.

రీఛార్జ్ చేసుకుంటూ ఉండాలి

ఏప్రిల్‌లో మోంటె కార్లో. మళ్లీ క్వాలిఫయింగ్ దాటి, మెయిన్ డ్రాలో మాటియో అర్నాల్డిని ఓడించాడు. మాస్టర్స్ స్థాయిలో మట్టి కోర్టు మీద మెయిన్ డ్రా మ్యాచ్ గెలిచిన మొదటి భారతీయుడు. తర్వాత హోల్గర్ రూన్‌తో మూడు సెట్ల దాకా పోరాడి ఓడాడు. జూన్‌లో జర్మనీలో హైల్‌బ్రాన్ చాలెంజర్ టైటిల్. జులైలో 68వ ర్యాంక్, కెరీర్‌లో అదే అత్యుత్తమం.

ఇక్కడితో సినిమా ముగిస్తే బాగుండేది. కానీ టెన్నిస్ ర్యాంకింగ్‌కి శుభం కార్డు ఉండదు. మీ ఫోన్ రీఛార్జ్ లాంటిది. 52 వారాల వ్యాలిడిటీ. ఈ జనవరిలో సంపాదించిన పాయింట్లు వచ్చే జనవరికి వాటంతట అవే పోతాయి. మళ్లీ అంతే సంపాదిస్తే ఉన్నచోట ఉంటావు. తక్కువైతే జారుతావు. గాయమైందా, జ్వరమొచ్చిందా అని క్యాలెండర్ అడగదు.

నాగల్‌కి 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్‌కి 30, రెండో రౌండ్‌కి 50, మొత్తం 80 పాయింట్లు వచ్చాయి. 2025లో అదే చోట మొదటి రౌండ్‌లో మచాక్ చేతిలో ఓడాడు. మొదటి రౌండ్‌కి 10 పాయింట్లే. 80 పోయి 10 వచ్చాయి. టాప్ 100 జారింది. తర్వాత చెన్నై 100 పాయింట్లకి గడువొచ్చింది, జూన్‌లో హైల్‌బ్రాన్ 100 పాయింట్లకి. వేసవి అయ్యేసరికి ర్యాంక్ 200 కూడా దాటిపోయింది. చిల్లు కుండలో నీళ్లు మోయడమంటే ఇదే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ బాధ ఏటీపీకి తెలియంది కాదు. 2024 నుంచి 'బేస్‌లైన్' అనే పథకం మొదలుపెట్టింది. 2024లో టాప్ 100లో ఉన్నవాళ్లకి 3 లక్షల డాలర్లు, 175 దాకా లక్షన్నర, 250 దాకా 75 వేలు కనీస ఆదాయంగా పెట్టింది. సంపాదన అంతకన్నా తగ్గితే తేడా ఏటీపీ ఇస్తుంది. మంచి అడుగే. కానీ 251వ వాడి సంగతేంటి?

251 కింద ఉన్నవాళ్లు

అట్టడుగున ఐటీఎఫ్ టోర్నీలుంటాయి. 2024లో మగవాళ్ల చిన్న టోర్నీ మొత్తం ప్రైజ్ మనీ 15 వేల డాలర్లు. సింగిల్స్ గెలిచినవాడికి రెండు వేల డాలర్ల పైచిలుకు. మొదటి రౌండ్‌లో ఓడితే దాదాపు 150 డాలర్లు, 12–13 వేల రూపాయలు. హైదరాబాద్ నుంచి టర్కీకో ట్యునీషియాకో టికెట్ ఎంతో మీ ఫోన్‌లోనే చూడండి. మన సహజ యమలపల్లి, రష్మిక భమిడిపాటి లాంటి అమ్మాయిలు పాయింట్లు పోగేసుకుంటూ వచ్చింది ఐటీఎఫ్ టోర్నీల్లోనే.

సాకేత్ మైనేని గుర్తున్నాడా? మన ఆంధ్రా కుర్రాడు. సింగిల్స్‌లో అతని అత్యుత్తమ ర్యాంక్ 137. సరిగ్గా నాగల్ మెల్‌బోర్న్‌లో దిగినప్పటి ర్యాంక్! 2016 యూఎస్ ఓపెన్‌లో సాకేత్ కూడా క్వాలిఫయింగ్ దాటి మెయిన్ డ్రాకి వచ్చాడు. యిరీ వెసెలీతో ఐదు సెట్లు ఆడాడు. కండరాలు పట్టేసి నడవలేని స్థితిలో ఐదో సెట్ 7-5తో పోయింది. ఆ తర్వాత అతని దారి డబుల్స్ వైపే మళ్లింది. ఏషియన్ గేమ్స్‌లో సానియాతో గోల్డ్ కొట్టినవాడికి సింగిల్స్‌లో టాప్ 100 గీత అందనే లేదు. ఆ ఐదో సెట్ ఇటు తిరిగి ఉంటే? ఎవరు చెప్పగలరు!

50 వేల డాలర్ల గొడవ

2024 సెప్టెంబర్‌లో నాగల్ నడుం నొప్పితో స్వీడన్‌తో డేవిస్ కప్ ఆడలేదు. దేశం తరఫున ఆడటానికి అతను ఏడాదికి 50 వేల డాలర్లు అడిగాడని జాతీయ టెన్నిస్ సంఘం పెద్దలు బయటపెట్టారు. ప్రొఫెషనల్ ఆటలో పారితోషికం ఇవ్వడం మామూలేనని, అది తన సొంత లాభం కోసం కాదని నాగల్ జవాబిచ్చాడు. దేశభక్తి లేదా అని సోషల్ మీడియా అంతా విరుచుకుపడింది.

అతను అడిగింది సరైన పద్ధతేనా కాదా అన్నది వేరే చర్చ. డేవిస్ కప్ అంటే గౌరవమే. కానీ ఒకటి గమనించండి. ఆ 50 వేల డాలర్లు అప్పటి లెక్కలో 42 లక్షలు, అంటే అతని ఏడాది ఖర్చులో సగానికి కాస్త అటూఇటూ. క్రికెటర్‌కి దేశం కోసం ఆడితే మ్యాచ్ ఫీజు వస్తుంది, మనకి అది తప్పనిపించదు. టెన్నిస్ వాడు నోరు తెరిచి అడిగితే మాత్రం ఆశపోతు అయిపోతాడు.

ఏడాది తిరిగింది. 2025 సెప్టెంబర్, స్విట్జర్లాండ్‌లోని బీల్. నాగల్ ర్యాంక్ 200 బయటే ఉంది. డేవిస్ కప్‌లో ఆడిన రెండు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచాడు. ఇండియా 3-1తో స్విట్జర్లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే ఓడించింది. ముందటేడు తిట్టినవాళ్లలో ఎంతమంది ఆ స్కోరు చూశారో మరి.

అందుకే మీకో చిన్న కోరిక. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదలవడానికి వారం ముందు క్వాలిఫయింగ్ స్కోర్లు వస్తాయి. పెద్దగా ఎవరూ చూడరు. ఖాళీ స్టాండ్లు, ఎర్రటి ఎండ, పేరు తెలియని పోటీదారులు. ఒక్కసారి తెరిచి చూడండి. మూడో రౌండ్ మ్యాచ్ ఒకటి పట్టుకోండి. గెలిచినవాడు ఒక్కోసారి కోర్టు మీదే కూలబడి ఏడుస్తాడు. ట్రోఫీ ఏమీ రాలేదు కదా, ఎందుకంత ఏడుపు అనుకోకండి. వాడికి ఇంకో ఏడాది దొరికింది.