వయసుల లెక్కకు గైడు ఎందుకు?

తండ్రి వయసు 38, కొడుకు వయసు 8. ఎన్నేళ్లకు తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లవుతుంది? ఇటువంటి లెక్క కనబడగానే హైస్కూలు పిల్లలు బిక్కమొహం వేస్తున్నారు. లెక్కల్లో తప్పి, చదువు మాని కూలికి పోతున్నవారు పల్లెల్లో తక్కువేమీ కాదు. గైడులు బట్టీ పట్టించడం వల్లనే ఈ దుస్థితి. అంకె మారిస్తే చాలు, బట్టీ పట్టినవాడు చేతులెత్తేస్తాడు.

నిజానికిది రైతు కుటుంబాలకు తెలియని లెక్క కాదు. తండ్రీకొడుకుల మధ్య తేడా 30 ఏళ్లు. ఎన్ని సంక్రాంతులు గడిచినా ఆ తేడా మారదు. తండ్రిది మూడు వాటాలు, కొడుకుది ఒక వాటా కావాలంటే మధ్యనున్న రెండు వాటాలే ఆ 30. వాటాకు 15. కొడుక్కి 15 రావాలంటే ఇంకా 7 ఏళ్లు. ధాన్యం వాటాలు వేసిన ఏ పెద్దాయనైనా అరుగు మీద కూర్చుని నోటితోనే చెప్పగలడు.

బడిలో చెప్పేదీ ఇదే. తెలియని ఏళ్లను ఎక్స్ అనుకుంటే, 38+ఎక్స్ = 3(8+ఎక్స్). అనగా 38+ఎక్స్ = 24+3ఎక్స్. ఇరువైపులా 24ను, ఒక ఎక్స్‌ను తీసివేస్తే 14 = 2ఎక్స్. ఎక్స్ విలువ 7. అప్పటికి తండ్రికి 45, కొడుక్కి 15.

పిల్లలు ఎక్కువగా పొరబడేది బ్రాకెట్ దగ్గర. 8ని మాత్రమే మూడుతో హెచ్చించి ఎక్స్‌ను వదిలేస్తారు. అప్పుడు ఎక్స్ రెండువైపులా కొట్టుకుపోయి 38, 24 సమానమని తేలుతుంది! మార్కులు కోసి ఊరుకుంటే లాభం లేదు. కొడుకు పెరిగే ఏళ్లకూ మూడు రెట్లు కట్టాలని విడమరచి చెప్పాలి.

శక సంవత్సరం 1036లో పుట్టానని, 36 ఏళ్ల వయసులో సిద్ధాంత శిరోమణి రచించానని భాస్కరాచార్యుడు స్వయంగా రాసుకున్నాడు. రెండూ కూడితే శకం 1072, అంటే క్రీ.శ. 1150. అందులోని బీజగణితంలో తెలియని రాశికి ఆయన వాడిన పేరు ‘యావత్తావత్’. మన వాడుకలో ‘ఎంతో అంత’. పిల్లలకు ఎక్స్ కంటె ముందు ఈ మాట చెబితే భయం సగం తగ్గుతుంది.

ఉపాధ్యాయులు పుస్తకంలోని లెక్కలతో సరిపెట్టక, పిల్లల ఇళ్లలోని వయసులతోనే లెక్కలు కట్టించాలి. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977లో అన్నకు 12, తమ్ముడికి 3 ఏళ్లనుకుందాం. అన్న వయసు తమ్ముడికి రెట్టింపయిందెప్పుడు? ఈ రాత్రి పిల్లలను అడిగి చూడవచ్చు. జవాబు 1983.