కడలిగాలి వృథాపోవలసినదేనా?

తన తీరమున వీచు గాలిని విడిచి పరదేశపు బొగ్గునకు ధనము ధారవోయు దేశమును వివేకము గలదని యెవరందురు? సముద్రపు గాలినుండి విద్యుత్తు తీయుట వట్టి కల గాదు. చిన్నదేశమగు డెన్మార్కు 1991లోనే విండెబీ కడ పదునొకండు గాలిమరలను సముద్రమున నిలిపినది. మన కేంద్రప్రభుత్వము 2015లో విధానము ప్రకటించెను. గుజరాతు, తమిళనాడు తీరములలో చెరి 500 మెగావాట్లకును, రెండు రేవుల యభివృద్ధికిని 7,453 కోట్ల రూపాయల సాయమును మంజూరు చేయుట 2024 జూనులో! అప్పటికి మన కడలిలో మర యొక్కటియు నిలువలేదు.

ఖరీదెక్కువ యందురు. సూర్యవిద్యుత్తును గూర్చియుఁ బూర్వ మిట్లే పలికిరి. విరివిగా నెలకొల్పఁగా వెల దిగినది. నైరుతి ఋతువున మబ్బులు క్రమ్మి సూర్యఫలకములు మందగించునపుడే యీ తీరములందు గాలి విజృంభించును. ఈ లాభమును గణింపని లెక్క యేమి లెక్క?

ఇఁక మత్స్యకారుల భయము న్యాయమైనది. వేటచోటు పోయిన వారి కుండలో గంజి యుండదు. కావున స్థలనిర్ణయమునకు ముందే వారిని సంప్రతింపవలెను. పడవలకు దారి విడువవలెను. నష్టపరిహారము దయగాఁ గాక చట్టసిద్ధమగు హక్కుగా నుండవలెను. వారిని త్రోసి తెచ్చు వెలుఁగు మాకు వలదు. వారి పేరు చెప్పి పనినే యాపువారి వాదమును మేమంగీకరింపము.

సోదరులారా! పఠనమందిరములందు సభలు చేయుఁడు. పని గడువును, బెస్తల హక్కును నిర్ణయింపుఁడని తీర్మానించి మీ పార్లమెంటు సభ్యులకుఁ బంపుఁడు.