మన బియ్యం డబ్బులు మనం అడగడానికి మొహమాటం ఎందుకు?



జీవామృతం ఎలా కలపాలి, కషాయాలు ఎప్పుడు కొట్టాలి అని చాలా వీడియోలు చేసుకున్నాం. ఈసారి పై వీడియోలో నా ఖాతా పుస్తకం చూపించాను. పండించడం మనకు వచ్చింది, నేరుగా అమ్ముకోవడం కూడా కొంత వచ్చింది. అమ్మిన డబ్బులు వసూలు చేసుకోవడం మాత్రం ఇంకా రాలేదు.

నా సంగతే చెబుతాను. ఫిబ్రవరిలో సిటీలో ఒక ఆర్గానిక్ షాపు ఆయనకు ఆరు క్వింటాళ్ల బహురూపి బియ్యం పంపాను. కిలో 90 చొప్పున 54,000 రూపాయలు. "పదిహేను రోజుల్లో వేసేస్తాను అన్నా" అన్నాడు. బిల్లు లేదు, కాగితం లేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "వచ్చే వారం" అనేవాడు. జులైలో నాట్లు వచ్చాయి. కూలోళ్లకు సాయంత్రానికల్లా డబ్బులు ఇవ్వాలి కదా, వాళ్లకు "వచ్చే వారం" అని చెప్పలేం. మా ఇంటావిడ గాజులు బ్యాంకులో పెట్టి 40,000 తెచ్చాను. అంటే ఆయన షాపు నా డబ్బుతో నడిచింది, వడ్డీ నేను కట్టాను!

మందుల షాపులో అరువు వద్దనే కదా మనం ఈ సాగులోకి వచ్చింది. ఇప్పుడు మనమే వడ్డీ లేని అరువు ఇచ్చేవాళ్లం అయ్యాం. "అన్నదాతలు మీరు, డబ్బుకోసం చూడరు" అని పొగిడితే నోరు మూసుకుంటున్నాం. నా అభిప్రాయం ఒక్కటే: రావాల్సిన డబ్బు అడగడం ఆశ కాదు, అదీ సాగులో పనే.

అయితే బాకీ ఉన్న వాళ్లందరూ ఒకటి కాదు. నా దగ్గర 31 కుటుంబాల బాకీలు ఉన్నాయి, ఒక్కొక్కరిది వెయ్యి, రెండు వేలు. "అమ్మా, మీ బియ్యం బాకీ 1,850, ఈ నెంబరుకి వేయండి" అని వాట్సాప్ పెట్టాను. రెండు రోజుల్లో 26 మంది వేసేశారు. "అయ్యో, మర్చిపోయాం, ముందే గుర్తు చేయాల్సింది" అన్నారు. వాళ్లు ఎగ్గొట్టేవాళ్లు కాదు, మర్చిపోయినవాళ్లు. అడగకపోవడం నా తప్పే.

షాపు ఆయన దగ్గరికి ఆగస్టులో స్వయంగా వెళ్లాను. గొడవ పడలేదు. బాకీ లెక్క కాగితం మీద రాసి, మూడు వాయిదాలకు తేదీలు వేసి, సంతకం పెట్టించుకున్నాను. రెండు వచ్చాయి, మూడోది రావాలి. ఆ సంతకం చిన్న విషయం కాదండీ. బాకీ మీద కోర్టుకు వెళ్లడానికి మామూలుగా మూడేళ్లే గడువు. ఆ లోపు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది.

ఇంకో మాట. గానుగ గానీ బియ్యం మర గానీ పెట్టుకున్నవాళ్లు ఉద్యం నమోదు చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సరుకు తీసుకున్న వ్యాపారి, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వట్టి సాగు మాత్రమే చేసేవారికి ఇది వర్తించదు, అందుకే మనకు కాగితమే రక్ష.

ఇప్పుడు నా పద్ధతి ఇది. కొత్త షాపుకు సగం డబ్బు ముందే. ప్రతి బస్తాతో బిల్లు, దాని మీద కట్టాల్సిన తేదీ. తేదీకి రెండు రోజుల ముందు ఒక మెసేజ్. పాత బాకీ తీరేదాకా కొత్త సరుకు కదలదు. ఈ మాట అన్నాక ఒక షాపు నన్ను వదిలేసింది. పోతే పోయింది, ఆ బియ్యం ఇంట్లోనే ఉన్నాయి, నా బియ్యంగానే ఉన్నాయి.

ఈ ఆదివారం మీరూ ఖాతా పుస్తకం తీసి ఒకసారి కూడండి. నాట్లకు అప్పు ఎక్కడ తేవాలా అని వెతికే ముందు, మన డబ్బు ఎవరి దగ్గర ఉందో చూద్దాం.