బాయి అన్నా బావి అన్నా ఒకటే సామీ!

కళ్ళజోడులో కంప్యూటరు వచ్చేసింది, ఇక మతిమరుపుకి కాలం చెల్లినట్టే అని మా ఆఫీసులో ఒకటే సంబరం. నాకేమో ఒళ్ళు మండుతోంది. ఎవరి మతిమరుపుకి బాబూ?

అసలిది కొత్త సరుకేం కాదు. 1996లోనే ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో బ్రాడ్లీ రోడ్స్, థాడ్ స్టార్నర్ 'రిమెంబ్రెన్స్ ఏజెంట్' గురించి పేపరు రాశారు. ఈమాక్స్‌లో మనం టైపు చేస్తుంటే, ఆ మాటలకి దగ్గరగా ఉన్న పాత నోట్సు, మెయిళ్ళు వెతికి స్క్రీను అడుగున ఒక్కో లైనుగా చూపించేది. తర్వాత దాన్నే ఒంటికి తగిలించుకునే కంప్యూటరుకి ఎక్కించారు. లోపల మంత్రమేం లేదు, మాటల లెక్కంతే.

ఆ లెక్క తెలుగు దగ్గరికొచ్చేసరికి బోల్తా కొడుతుంది. మా నాయన ప్రొద్దుటూరు దగ్గర రైతు. సేద్యం సంగతులన్నీ నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. ఇప్పుడాయనకి మరుపొస్తోంది. అవన్నీ టైపు చేసి, అలాంటి ప్రోగ్రామే నేనూ ఒకటి రాశా. "మన బాయి యేయేడు ఎండిపాయరా?" అని అడిగాడు. ఆయన అన్నమాటే కొట్టా. గుండు సున్నా! పుస్తకంలోనేమో బడిభాషలో "బావి ఎండిపోయినది" అని ఉంది. పైగా బావిలో, బావికి, బావినుంచి అన్నీ నా ప్రోగ్రాముకి వేర్వేరు మాటలే.

"నీ మిసనుకు నాకంటే మతిమరుపు ఎక్కువుండాదే!" అన్నాడు. నవ్వాను గానీ, లోపల కలుక్కుమంది.

ఇంగ్లీషు మాటల తోకలు కత్తిరించే పోర్టర్ పద్ధతి 1980లోనే వచ్చింది. మన విభక్తులు విడదీయడానికి మనకి తీరిక లేదు. ఎంబెడింగులొచ్చాయిగా, అర్థాన్నిబట్టి అవే వెతుకుతాయి అంటారా? అవి చదివిన రాతల్లో "ఎండిపాయ" ఎన్నిసార్లు వచ్చుంటుంది? సీమ మాటని దిద్ది పత్రికభాష చేసిందే మనం కదా!

సరుకు లేదనడానికీ లేదు. కడపలో కాపురమున్న బ్రౌన్ నిఘంటువు 1852లో వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, అదీ వ్యవసాయ పదాలతోనే, 1962లో వచ్చింది. బాయినీ బావినీ ఒక గూట్లో పెట్టే పట్టికకి ఇంతకంటే ఏం కావాలి? కర్నూలు, కడపల నుంచి వెళ్ళి హైదరాబాదులో, బెంగళూరులో కోడు రాసేవాళ్ళం ఎంతమందిమి లేం! తలా నాలుగు మాటలు చేర్చలేమా?

నేనైతే మొదలుపెట్టా. ఆదివారాలు మా నాయన చెబుతుంటే రాసుకుంటున్నా. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటారు. వాళ్ళకి మాట గుర్తున్నప్పుడే చెయ్యాలి ఈ పని.