పాణి అడిగిన పిల్లకు మాటలు రావంటారా?



మా మంత్రాలయం వైపు తండా పిల్లను అంగన్‌వాడీలో కూర్చోబెడితే నాలుగు రోజులకే "దీనికి మాటలు రావు, మొద్దు" అనేస్తారు. ఇంట్లో యాడితో గలగలా మాట్లాడే పిల్లే! అక్కడ పాణి అని అడిగితే ఎవరికీ అర్థం కాదు, నీళ్లు అనడం దానికింకా రాదు. మరి భాష రానిది ఎవరికి?

మనోళ్లేం తక్కువ కాదు. సుగ్గికి గుంటూరు పోయి, మిరపకాయలు కోసి తెచ్చిన డబ్బుతో బటన్ నొక్కితే ఏబీసీడీ పాడే బొమ్మ కొంటారు. ఆ బొమ్మ పాడుతుంది, అంతే. పిల్ల ఏం చెప్పినా వినదు. అదే జొన్న బెండుతో బండి చేసి, పక్కన కూర్చుని, "ఎద్దులు యాడికి పోతాండాయి? సంతకా?" అని మన గోర్ బోలిలో అడగండి. పిల్ల జవాబు చెప్తుంది, తిరిగి నిన్నే ప్రశ్న అడుగుతుంది. మాట పెరిగేది అక్కడ. ఇంటి భాషలో గట్టిపడిన పిల్లకు తెలుగు నేర్వడం కష్టం కాదు.

చిన్న పిల్లల చదువు ఇంటి భాషలో ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్తోంది. కాగితం మీద ఉంది, తండాలో లేదు. టీచరో ఆయమ్మో, ఒక్కరికైనా మన బోలి రావాలని అడగడానికి మనకేం భయం?

మీ తండా అంగన్‌వాడీలో ఎవరికొస్తుందో కింద రాయండి. లిస్టు పట్టుకుని అందరం కలిసి ఆఫీసుకు పోదాం.