కేసు తీరినను మచ్చ తీరదా?

నేరము చేసినవానిని దండించుట ప్రభుత్వమునకు ధర్మము. దండన ముగిసిన పిమ్మటగూడ దండించుచుండుట ఏ ధర్మము? నేరమే ఋజువు కాని పిల్లవానికి జీవితాంతము జీవనోపాధి లేకుండ జేయుట ఏ ధర్మము? కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో చదువుకొన్న బిడ్డలుగల గృహస్థులు ఈ ప్రశ్న వేసికొనవలసిన కాలము వచ్చినది. ఇది పరుల యింటి ప్రశ్న యని యెవరును నిశ్చింతగ నుండజాలరు.

ఈ సీమ ఉద్యమములకు పెట్టినది పేరు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగినది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజనులపై కాల్పులు జరిగినవి. 2009 మొదలు 2014 వరకు ప్రత్యేక రాష్ట్రమునకై విద్యార్థులు తరగతులు విడిచి వీథులకు వచ్చిరి. ఇట్టి ప్రతి కాలమునందును ఠాణా పుస్తకములలో యువకుల పేర్లు చేరినవి. ఉద్యమములు లేని దినములలో ఆ కొరత తీర్చుటకు హాస్టలు తగవులు గలవు, మోటారుసైకిలు ప్రమాదములు గలవు, పొలముగట్టు వైరములలో తండ్రి పేరుతోబాటు కుమారుని పేరునుగూడ వ్రాయించు పగలు గలవు.

పేరు చేరుటకు ఒక సాయంత్రము చాలును. తీయించుటకు ఏండ్లు చాలవు. పిల్లవాడు డిగ్రీ ముగించి ఉద్యోగపరీక్షలో కృతార్థుడగును. అంతట అటెస్టేషను ఫారము వచ్చును. నీవెన్నడైన నిర్బంధింపబడితివా, నీపై కేసు నడచినదా యని అది యడుగును. ఉన్నదని వ్రాసిన ఉద్యోగము రాదేమో యను భయము. లేదని వ్రాసిన అబద్ధమాడినవాడను నింద. గల్ఫు దేశములకు పోదమన్న పాస్‌పోర్టు విచారణలో అదే కేసు ఎదురగును. కోర్టు అనుమతి తెచ్చుకొన్నవారికి పాస్‌పోర్టు ఇయ్యవచ్చునని 1993లోనే కేంద్రప్రభుత్వము ప్రకటించినది. ఆ సంగతి పల్లెలలో నెందరికి దెలియును?

ఇక ఈ విపరీతము చూడుడు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము శిక్ష పడినప్పుడే, అదియు సాధారణముగా రెండేండ్లకు తక్కువకాని శిక్ష పడినప్పుడే, శాసనసభ్యత్వమునకు అనర్హత కలుగును. కేసులు నడుచుచున్నవారు వానిని ప్రమాణపత్రమున వ్రాసి యెన్నికలలో నిలువవచ్చును, గెలువవచ్చును, మంత్రులు గావచ్చును. 2009 నవంబరు 29న కరీంనగరు చెంత అలుగునూరులో నిర్బంధింపబడిన కె. చంద్రశేఖరరావుగారు 2014లో నూతన రాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యైరి. నాయకునకు నిర్బంధము కీర్తిహేతువయ్యెను. మేము దానిని తప్పుపట్టుట లేదు. ఆయన వెనుక నినాదములిచ్చిన విద్యార్థికి మాత్రము అదే నిర్బంధము అనర్హత యెట్లగును? శాసనము చేయువానికి అడ్డురాని కేసు గుమాస్తాకు అడ్డుతగులుట న్యాయమా?

1938లో వందేమాతరము పాడినందుకు నిజాము రాష్ట్రమున విద్యార్థులు కళాశాలలనుండి వెడలగొట్టబడిరి. నాగపూరు విశ్వవిద్యాలయము వారికి తలుపు తెరచినది. అట్లు వెడలినవారిలో నాటి కరీంనగరు జిల్లాలోని వంగర గ్రామపు పాములపర్తి వేంకట నరసింహారావుగారొకరు. 1991లో ఆయన భారత ప్రధానమంత్రి యైరి. బహిష్కరణము వేరు, క్రిమినలు కేసు వేరు, మే మెఱుగుదుము. ఐనను ఒక తలుపు మూసినపుడు మరియొక తలుపు తెరచువారుండుట యెంతటి లోకోపకారమో ఇందువలన దెలియుచున్నది. నేడు మన సీమ పిల్లలకు నాగపూరు ఏది?

చట్టము మనము తలచినంత కఠినమైనది కాదు. 1958 నాటి ప్రొబేషను చట్టము ఇరువదియొక యేండ్లు నిండనివారిని తగిన కారణము వ్రాయక చెరసాలకు పంపరాదనుచున్నది. ఆ చట్టముక్రింద విడువబడినవారికి శిక్షవలన గలుగు అనర్హత అంటదనియు జెప్పుచున్నది. 2015 నాటి బాలన్యాయ చట్టము, పెద్దవారివలె విచారింపబడిన కొలదిమందిని మినహాయించి, బాలురకు ఏ అనర్హతయు గలుగరాదనుచున్నది. 2016లో అవతార్ సింగు కేసునందు సుప్రీంకోర్టు, చిన్నవయసున నినాదములిచ్చుట వంటి స్వల్పవిషయములను దాచినను అధికారి యుపేక్షింపవచ్చునని తీర్పు చెప్పినది. నిజము చెప్పినవానినైనను నియమించి తీరవలెనని మాత్రము చెప్పలేదు. భార మంతయు అధికారి విచక్షణపై బడినది. విచక్షణ చేయుటకంటె నిరాకరించుట సులభము గనుక నిరాకరణయే జరుగుచుండును.

‘నేరస్థులను బడులలో, ఠాణాలలో నియమింపుమందురా?’ యని కొందరడుగుదురు. మేమట్లనుట లేదు. పోలీసు ఉద్యోగమునకు నిష్కళంకమైన నడవడి కావలెనని 2013లో సుప్రీంకోర్టు చెప్పినమాట విస్మరింపరానిది. పసిపిల్లలను హింసించినవానికి ఉపాధ్యాయత్వ మీయరాదు. ధన మపహరించినవానికి ఖజానా అప్పగింపరాదు. నేరమునకును ఉద్యోగమునకును సంబంధమున్నదా, నాటి వయస్సెంత, ఎంతకాలము గడచినది, తీర్పేమి యని చూచుటయే వివేకము. ఇంగ్లండులో 1974లోనే చట్టముచేసి, నిర్ణీతకాలము సన్మార్గమున నడచినవారి చిన్నశిక్షలు తీరిపోయినట్లు నిర్ణయించిరి. హవాయి రాష్ట్రమున 1998 నుండి, ఉద్యోగ మిచ్చెదమని చెప్పిన పిమ్మటనే యజమాని పాతశిక్షల నడుగవలెను. ఆ దేశములు దీనివలన మునిగిపోలేదు.

కావున ప్రభుత్వమును మేము కోరునది యిది. ఫారములో కేసునుగూర్చియు తీర్పునుగూర్చియు వేర్వేరుగ నడుగవలెను. నిరాకరించు అధికారి కారణమును వ్రాసి యీయవలెను. ఉద్యమకాలపు కేసులను రాష్ట్రము పలుమార్లు ఉపసంహరించినది. రైల్వే చట్టముక్రింది కేసులు కేంద్రమునకు సంబంధించినవి గావున వానికై కేంద్రమును ఒప్పింపవలెను.

వకీళ్లను, అధ్యాపకులను కోరునది వేరొకటి. కోర్టు చుట్టు తిరుగలేక నేరమొప్పుకొని జుర్మానా చెల్లించి బయటపడుమని పిల్లవానికి సలహా యీయవలదు. అది విడుదల కాదు, శిక్ష. నూరు రూపాయల జుర్మానా నూరు వాకిళ్లు మూయును. పేదవారికి ఉచితముగా వకీలు నేర్పరచుటకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ లున్నవి; విద్యార్థులను అచ్చటికి పంపుడు. ఫారములో సత్యము వ్రాయుమని బోధింపుడు.

తుదకు మా పాఠకులకే చెప్పవలసినది గలదు. ప్రభుత్వమును నిందించుట సులువు. మన దుకాణమున, మన బడిలో, మన ఆస్పత్రిలో ‘కేసున్నవాడట’ యను నొక్కమాటతో ఎందరిని వెనుకకు పంపితిమి? ఆ కేసేమో, ఏమైనదో అడిగితిమా? ఠాణా పుస్తకమున వ్రాసినది కోర్టు కొట్టివేయగలదు. మన నోట వ్రాసినదానిని ఏ కోర్టు కొట్టివేయును? దానిని కొట్టివేయవలసినవారము మనమే.