కుండను తట్టి చూచే విద్య

సంతలో కుండ కొనే గృహిణి దానిని వేలి కణుపుతో తట్టి చూస్తుంది. ఖంగుమంటే తీసుకొంటుంది, బొంగురుగా పలికితే ప్రక్కన పెడుతుంది. కంటికందని బీటను చెవి పట్టుకొంటుంది. తెలుగు బోధించే నేను ఈ విషయంలో తలదూర్చడం మా భౌతికశాస్త్ర మిత్రులకు వింతగా తోచవచ్చు. అయినా చెప్పక తప్పదు.

నేడు కార్బన్ నారలను జిగురుతో పొరలు పొరలుగా పేర్చి విమానాలు నిర్మిస్తున్నారు. 2011లో ప్రయాణికుల సేవలో ప్రవేశించిన బోయింగ్ 787 బరువులో దాదాపు సగం ఇట్టి మిశ్రమ పదార్థమే. రేకుకు దెబ్బ తగిలితే సొట్ట కనబడుతుంది. ఈ ఫలకం పైకి నున్నగానే ఉండి, లోపల పొరకూ పొరకూ మధ్య విడిపోవచ్చు. దానిని కనిపెట్టడానికి ఫలకంలో ఒకచోట చిన్న కంపనం పుట్టించి మరొకచోట అందుకొంటారు. 1917లో వీటిని వివరించిన హొరేస్ లాంబ్ పేరిట ఇవి లాంబ్ తరంగాలయ్యాయి. పొరలు విడిన చోట ఒక మందపాటి పలక రెండు పలుచని పలకలైనట్లే. వంపులు తిరుగుతూ సాగే తరంగం పలుచని పలకలో మందగించి ఆలస్యంగా చేరుతుంది. కొంత చీలిక అంచున వెనుదిరుగుతుంది; కొంత చీలిక మీదనే చిక్కుకొని అటూ ఇటూ కొట్టుకొంటుంది.

అయితే ప్రతి తరంగమూ ప్రతి చీలికనూ పసిగట్టదు. పలక పొడవునా సాగదీస్తూ పోయే తరంగం, తాను పొరలను ఒకదానిపై ఒకటి జారజేయని చోట చీలిక ఉంటే, ఏమీ ఎరుగనట్లు దాటిపోతుంది. ప్రశ్న సరిగా లేకుంటే జవాబు బాగున్నట్లే వినబడుతుంది. (ప్రశ్నపత్రాలు తయారుచేసే మాకిది చురక!)

ఇక వినికిడి ఉండీ జరిగిన అనర్థమొకటి. టైటానిక్ శిథిలాలను చూపడానికి దిగే టైటాన్ అనే నౌక గోడ కార్బన్ పొరలతో ఐదంగుళాల మందాన చుట్టినది. గోడ చప్పుళ్లను వినే పరికరాలు దానికి అమర్చారు. 2022 జూలై 15న, ఎనభయ్యవ మునక ముగించి పైకి చేరిన వేళ పెద్ద చప్పుడయింది. తరువాతి మునకల్లో గోడ ఒత్తిడికి లోనయ్యే తీరు మారినట్లు సాగుదలను కొలిచే పరికరాలు నమోదు చేశాయి. అయినా దానిని మరల మరల దించారు. 2023 జూన్ 18న గోడ కుప్పకూలి అందులోని ఐదుగురూ మరణించారు. అక్కడ కొరవడినది పరికరం కాదు, విని ఆగే బుద్ధి.

విద్యార్థులారా, మనం తరంగాలను సూత్రాలుగా కంఠస్థం చేసి పరీక్ష గదిలో దింపివస్తున్నాము. నాణెంతో తట్టి వినే పద్ధతి విమానాల తనిఖీలోనూ ఉన్నది. కళాశాల సంఘం పెద్దలు ఇందుకై ధనం వెచ్చించనక్కరలేదు; పొరలూడిన ప్లైవుడ్ బల్లలు మన తరగతుల్లో కావలసినన్ని ఉన్నాయి. వాటిని తట్టించి, ప్రయోగ పుస్తకంలో చివర ఒక ప్రశ్న చేర్చండి: ‘ఈ చప్పుడు విన్న తరువాత నీవేమి చేస్తావు?’ దానికీ మార్కులుండాలి.